అడ్వాన్స్‌డ్ నొక్కి, ప్రొసీడ్ కొట్టండి

సర్కారు సైటు తెరవాలంటే ముందు గుండె ధైర్యం కావాలి. కుల ధ్రువీకరణ పత్రమైనా, పిల్లాడి స్కాలర్‌షిప్పైనా, లింకు నొక్కగానే ఎర్ర త్రికోణం, దాని కింద 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అంటూ క్రోమ్ వారి శోకాలు. నెట్ సెంటర్ కుర్రాడు ప్రింటర్ లోంచి తల కూడా ఎత్తడు. "ఏం కాదు బాబాయ్, కింద అడ్వాన్స్‌డ్ ఉంటది, అది నొక్కి ప్రొసీడ్ కొట్టు." ఆ ప్రొసీడ్ పక్కనే 'అన్‌సేఫ్' అని రాసి ఉంటుంది. అది ఎవరి కోసం రాశారో ఇంతవరకూ తేలలేదు. ఒక శాఖవారైతే ఈ ఉపదేశాన్ని యూజర్ మాన్యువల్లోకే ఎక్కించి, ఎక్కడ నొక్కాలో స్క్రీన్‌షాట్ మీద బాణం గీసి మరీ చూపించారు. సైబర్ భద్రత మీద అవగాహన సదస్సులు పెట్టేదీ వాళ్లే.

నిజానికి ఆ త్రికోణం ఊరికే రాదు. కింద సన్నటి అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది, విషయమంతా అందులోనే. 'డేట్' అన్న ముక్క కనిపిస్తే సైటు గుర్తింపు సర్టిఫికెట్ గడువు తీరిందని. 'కామన్ నేమ్' అని ఉంటే సర్టిఫికెట్ ఒకరి పేరు మీద, సైటు మరొకరి పేరు మీద ఉన్నాయని. 'అథారిటీ' అని ఉంటే, దీనిమీద సంతకం పెట్టిన పెద్దమనిషెవరో తనకు తెలీదని బ్రౌజర్ చేతులెత్తేసిందని. ఉచిత వైఫైలో బ్యాంకు సైటు తెరిచినప్పుడు ఈ చివరిది ఎదురైతే, మధ్యలో ఎవడో కూర్చుని మన మాటలు వింటూ ఉండొచ్చు. మారు మాట్లాడకుండా మూసేయాలి. మూసేస్తామా? స్కాలర్‌షిప్పు దగ్గర అలవాటైన వేలు, బ్యాంకు దగ్గరా అదే చోటికి పోతుంది.

పెద్దమనుషుల సంతకాల సంగతి కూడా అంతంత మాత్రమే. 2014 జూలైలో మన సర్కారు ఐటీ సంస్థ ఎన్ఐసీ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. ఆ దెబ్బతో క్రోమ్, భారత ప్రభుత్వ మూల సంతకం (రూట్) కింద వచ్చే సర్టిఫికెట్లను ఏడంటే ఏడు డొమైన్లకే నమ్ముతానని గిరి గీసింది.

ఇక దొంగ సైటువాడు చూడండి, ఎంత పద్ధతైన మనిషో! బ్యాంకు పేరులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి డొమైన్ కొంటాడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు పైసా తీసుకోకుండా 90 రోజుల సర్టిఫికెట్ ఇస్తాయి, గడువు దగ్గర పడగానే సాఫ్ట్‌వేరే రెన్యూ చేసేసుకుంటుంది. త్రికోణం రాదు, శోకాలు ఉండవు. అడ్రస్ పక్కన తాళం కప్ప చూసి మనం నిశ్చింతగా ఓటీపీ సమర్పించుకున్నాం. ఈ సైటుకూ మీకూ మధ్య లైను భద్రం అని మాత్రమే ఆ తాళం చెప్పింది. అవతల ఉన్నవాడు మంచివాడని అదెప్పుడూ హామీ ఇవ్వలేదు. జనం దాన్ని నిజాయితీ ముద్ర అనుకుంటున్నారని గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ బొమ్మే పీకేసింది. అసలువాడి వాకిట్లో హెచ్చరిక, నకిలీవాడి వాకిట్లో నిశ్శబ్దం. పాపం మామూలు మనిషి ఎటు పోవాలి?

దీనికి తోడు ఇప్పుడు కొత్త తద్దినం. సర్టిఫికెట్ల ఆయుష్షు తగ్గించాలని బ్రౌజర్ల కంపెనీలు, సర్టిఫికెట్లిచ్చే సంస్థలు కలిసి 2025లో తీర్మానించాయి. నిన్నమొన్నటి దాకా 398 రోజులు. 2029 మార్చి 15 నుంచి ఇచ్చేవాటికి 47 రోజులే. మనిషి చెయ్యి పడకుండా సాఫ్ట్‌వేరే చూసుకోవాలని వాళ్ల ఉద్దేశం. మన సర్కారు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, నోట్ ఫైలు లేనిదే పని చేయదు. సెక్షన్ క్లర్కు పుటప్ చేయాలి, సూపరింటెండెంట్ చూడాలి, ఫైనాన్స్ వారు 'పోయిన నెలే కదా కొన్నారు, మళ్లీ ఎందుకు?' అని కొర్రీ వేయాలి, దానికి వివరణ రాయాలి. ఇన్ని గడపలు దాటి సంతకమై కిందికి వచ్చేసరికి ఆ సర్టిఫికెట్‌కూ నిండు నూరేళ్లూ నిండిపోతాయి. అందుకే తెలివైన క్లర్కు ఒకాయన ఇప్పటినుంచే 2029 రెన్యువల్‌కు నోట్ పెట్టేశాడు. అది ఇన్‌వర్డ్ సెక్షన్ దాకా వచ్చింది.