నా పేరు డిస్‌ప్లే_టెక్స్ట్

నన్నెవరూ చూడరు, నాలో రాసింది మాత్రం అందరూ చదువుతారు. శంషాబాద్‌లో బెంగళూరు హైవే పక్కన ఒక లాడ్జీ. రిసెప్షన్ గోడమీది టీవీలో ఏ వ్యాను ఎన్నింటికి ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతుందో కనబడుతుంది. ఆ మాటలు దాచుకునే గడిని నేను. కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ భాషలో టెక్స్ట్ ఫీల్డ్‌ని.

2008 మార్చి 23న విమానాలు బేగంపేట వదిలి ఇటు వచ్చాయి. ఆ తర్వాతే ఈ చుట్టుపక్కల లాడ్జీలకు గిరాకీ పెరిగింది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్లు ముందురోజే సామానుతో దిగుతారు. వాళ్లకు పనికొచ్చేది తెలుగు బోర్డు.

నన్ను పుట్టించిన డెవలపర్ మాదాపూర్‌లో కూర్చుని ఏపీఐకి నాలుగు ముక్కలు పంపాడు. రకం: స్ట్రింగ్. గరిష్ఠ పొడవు: 20. తప్పనిసరి: కాదు. తెలుగు ఖాళీగా ఉంటే ఇంగ్లీషు చూపు. అదే నా జాతకం. ఇంగ్లీషులో ‘మస్కట్ ప్యాసింజర్స్’ కొట్టి చూశాడు. ఖాళీతో కలిపి 17. సరిపోయింది, ఇంటికి పోయాడు.

మర్నాడు లాడ్జీ కుర్రాడు ‘మస్కట్ వెళ్లేవారు’ అని టైపు చేశాడు. నా వెనకున్న డేటాబేస్ 20 అంటే 20 బైట్లనుకుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకైనా హల్లుకైనా గుణింతం గుర్తుకైనా పొల్లుకైనా మూడేసి కావాలి. ‘మస్కట్’ ఒక్కటే 18 తినేసింది, ఖాళీ ఒకటి, మిగిలిన ఒక్క బైటులో ‘వె’ ఎక్కడ ఇముడుతుంది? దాని స్థానంలో ప్రశ్నార్థకమున్న నల్ల డైమండ్ గుర్తు పడింది.

“తమ్మీ, మస్కట్ ఎన్క గా నల్లడబ్బా ఏంది? బండి లేదా?” అని ఒక పెద్దాయన రిసెప్షన్‌లో అడిగాడు.

“ఉన్నది కాకా, రాత్రి రెండింటికి. నేనే లేపుత, పండుకో.”

బతికించింది కుర్రాడు, నేను కాదు.

పొడవొక్కటే కాదు, ఎత్తూ ఇబ్బందే. టీవీ డిజైన్‌లో అక్షరం సైజు 40, లైను ఎత్తూ 40, మించినది దాచెయ్యమని హుకుం. ఇంగ్లీషుకు దానితో పేచీ లేదు. తెలుగుకు కింద వత్తులుంటాయే! జెడ్డాలో డ వత్తు తెగి ‘జెడా’ అయింది. ఇది నా లోపల జరిగింది కాదని గట్టిగా చెబుతాను. నేను పూర్తిగానే పంపాను, కోసింది తెర.

తర్వాత వచ్చిన డెవలపర్ అమ్మాయి ముందు లైను ఎత్తును అక్షరం సైజుకు 1.6 రెట్లు చేసింది. పొడవు దగ్గర ఆగి ఆలోచించింది. ఏ లెక్క పెట్టాలి? యూనికోడ్ సంకేతాలు లెక్కపెడితే ‘మస్కట్’ 6. మనిషి కంటికి మ, స్క, ట్ మూడే. ‘స్క’ను ఒకే అక్షరంగా ఎంచమనే నియమం యూనికోడ్‌లోకి 15.1 వెర్షన్‌తో, 2023లో వచ్చింది. మా గోడమీది టీవీ అంతకన్నా ముసలిది, దాని లెక్కలో ఇంకా రెండే. అందుకని ఆమె నా పరిమితిని 240 బైట్లకు పెంచి, తెరమీద మాట పట్టకపోతే రెండో లైనుకు దిగమని చెప్పింది. తెలుగు గడిని తప్పనిసరి చేసింది. నాకు బాగా నచ్చింది అదే. అంతకుముందు కుర్రాడు బద్ధకించిన రోజు తెరంతా ఇంగ్లీషే, ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

డెవలపర్ బాబూ, తల్లీ, నాబోటి ఫీల్డుకు పరిమితి పెట్టేముందు ఒకసారి ‘రాజమహేంద్రవరం’ అని కొట్టి సేవ్ చేసి, తెరమీదికి వెళ్లి చూడండి. కంటికి ఏడక్షరాలు, 13 సంకేతాలు, 39 బైట్లు. కింద ద్రకు ఉన్న వత్తు కూడా తెగకుండా వస్తేనే నన్ను లైవ్‌లో పెట్టండి.