గుణగణాలకు గ్రేడు

జేఈఈలో ఒక్క మార్కు తగ్గితే వందల ర్యాంకులు కిందికి జారతాం. మొరటు పద్ధతి. పిల్లాడు మంచివాడా, నలుగురితో కలుస్తాడా అని అడిగే నాథుడే ఉండడు. అమెరికాలోని హార్వర్డ్‌లో అడుగుతారు. చదువుకో అంకె, ఆటలకో అంకె, ఇతర వ్యాపకాలకో అంకె వేశాక వ్యక్తిత్వానికీ ఒకటి వేస్తారు. దయ, ధైర్యం, కలుపుగోలుతనం అన్నీ అందులోనే. వేసేవాళ్లు చాలావరకు ఆ పిల్లాడి మొహమే చూసి ఉండరు. పెళ్లిచూపులకు వెళ్లకుండానే అమ్మాయికి కాస్త పొగరని తేల్చేసే మేనత్తలు మనకూ ఉన్నారు గానీ, పాపం వాళ్లకు ఆఫీసు లేదు.

2018లో హార్వర్డ్ మీద నడిచిన వివక్ష కేసులో ఈ అంకెల గుట్టు బోస్టన్ కోర్టులో బయటపడింది. ఆసియా మూలాల పిల్లలకు చదువులో మంచి అంకెలు, వ్యక్తిత్వంలో మాత్రం తెల్లపిల్లల కన్నా సగటున తక్కువ. పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థులకు ఆ లోటు పెద్దగా కనబడలేదు. ఫైలు తిరగేసినవాళ్లకే కనబడింది! కావాలని చేసిన వివక్ష కాదని ఆ కోర్టు తేల్చింది, అది వేరే సంగతి. పిల్లకు కూచిపూడి, స్పెల్లింగ్ బీ అన్నీ నేర్పించిన అమెరికాలోని ఎడిసన్, ఫ్రిస్కోల తెలుగు అమ్మానాన్నలు, చివరికి ‘మరీ ఆసియా పిల్లలా కనబడనివ్వకండి’ అనే కన్సల్టెంటు సలహాకు డాలర్లు కట్టారంటే కట్టరా మరి?

దయాధైర్యాలను మించిన గుణం ఇంకోటుంది: తండ్రిని చూసుకుని పుట్టడం. ఆ కేసులో లెక్కతీసిన ఆరేళ్లలో పూర్వ విద్యార్థుల సంతానంలో నూటికి 33 మందికి పైగా సీట్లొచ్చాయి, తక్కినవాళ్లలో ఆరుగురికి. దాతల తాలూకు పిల్లలకు డీన్ గారి జాబితా వేరే. మనం దీన్నే మొహమాటం లేకుండా మేనేజ్‌మెంట్ కోటా అంటాం. 2023లో అమెరికా సుప్రీంకోర్టు సీట్లిచ్చేటప్పుడు జాతి చూడొద్దంది. నాన్న చదివిన కాలేజీ చూడొద్దని మాత్రం అనలేదు.

2019లో అక్కడే రిక్ సింగర్ అనే ఆయన బండారం బయటపడింది. కాలేజీ సీట్ల కోసం పరీక్ష మార్కులు దిద్దించడం, ఆట రాని పిల్లల ఫొటోలు మార్చి ఆటగాళ్లుగా చూపించడం ఆయన వ్యాపారం. తనది పక్క తలుపనీ, విరాళాల వెనక తలుపు కన్నా పదిరెట్లు చవకనీ ఖాతాదారులకు చెప్పేవాడు. మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. వెనక తలుపు మీద కేసు లేదు. అక్కడ కట్టినవాళ్ల పేరు భవనం మీద చెక్కిస్తారు.