గాలి తీసే పెద్దలు

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ వీధిలో మనిషికి జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి మనమే వెళ్ళాలి. ఇంజను మొండికేస్తే మాత్రం వైద్యులే గుమ్మంలోకి వస్తారు. పిలవక్కర్లేదు, ఫీజు లేదు, టీ మాత్రం ఇవ్వాలి. హ్యాండిల్ ఎంత తిప్పినా ఇంజను అందుకోనప్పుడు వచ్చే ఆ ఏడుపుగొట్టు చప్పుడు ఒకటుంది చూశారూ, అది నాలుగు వీధుల అవతల పేపరు చదువుకుంటున్న రిటైర్డు మనిషిని కూడా కుర్చీలో కూర్చోనివ్వదు.

దీని వెనక చరిత్ర ఉంది. ఇక్కడ వర్క్‌షాపు కట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1902లో కటక్-వాల్తేరు లైను కూడా ఆ కంపెనీ చేతికొచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు పెట్టే బేడా సర్దుకుని ఆ పట్టాల మీదే వచ్చి దిగారు. తాతది బాయిలరు, తండ్రిది డీజిలు, కొడుకుది కరెంటు లోకో. 1927లో ఇక్కడి రైల్వే కార్మికులు వి.వి.గిరి గారి యూనియనుతో కలిసి సమ్మె కట్టారు. ఆ ఏడే అక్కడ జర్మనీలో బాష్ కంపెనీ డీజిల్ ఇంజెక్షన్ పంపుల్ని వరసపెట్టి తయారుచేయడం మొదలెట్టింది. రెంటికీ సంబంధం ఏమీ లేదు. అయితే నడిచే పనిని ఆపడం, ఆగిన పంపుని నడపడం, ఈ రెండు విద్యలూ మా వీధికి వంశపారంపర్యంగా దక్కాయి.

ఇక అసలు సంగతి. మా పెదనాన్న రిటైరయ్యాక మలంచ వైపు కాస్త జాగా కొన్నారు. ఎర్ర మొరం నేల, గునపం వేస్తే గునపమే వంగుతుంది. వంగా బెండా వేద్దామని సెకండ్‌హ్యాండులో ఒక పవర్ టిల్లరు తెచ్చారు. ఒకటే సిలిండరు, డీజిలు, చేత్తో హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసే రకం. పొద్దున్న ఆరింటికి దున్నకం అనుకున్నారు. తోలడానికి వచ్చిన కుర్రాడు ముందురోజు ట్యాంకు అడుగంటేదాకా తోలి, తీరుబడిగా కొత్త డీజిలు పోశాడు. అంతే, గొట్టాల్లో గాలి చేరి ఎయిర్ పట్టేసింది.

డీజిలింజనుకి స్పార్కు ప్లగ్గు ఉండదు. పంపులో ప్లంజరు డీజిలుని నొక్కి సన్నటి స్టీలు గొట్టంలోంచి నాజిలుకి తోస్తుంది. చదరపు సెంటీమీటరుకి రమారమి 200 కిలోల ఒత్తిడి వస్తే గానీ ఆ నాజిలు నోరు తెరవదు. డీజిలు నొక్కితే నలిగే రకం కాదు, అందుకే ఆ దెబ్బ నేరుగా నాజిలుకి తగులుతుంది. గాలి అలాక్కాదు. నొక్కితే వినయంగా ముడుచుకుంటుంది, వదిలితే మళ్ళీ మామూలే. ప్లంజరు పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది, నాజిలుకి మాత్రం చుక్క అందదు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో పెరట్లో గడ్డి కోసుకునే పాత బుల్లి ట్రాక్టర్లలో చాలావాటికి పెట్రోలింజన్లు. పిస్టను ఆటకి క్రాంక్‌కేసులో పుట్టే ఊపుతో ఒక డయాఫ్రం కొట్టుకుని పెట్రోలు లాగుతుంది. బండిని నెలల తరబడి నిలబెడితే గొట్టం ఎండిపోతుంది. ఇక ఇంజను తిరిగితే గానీ పెట్రోలు రాదు, పెట్రోలొస్తే గానీ ఇంజను తిరగదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.

మొదట వచ్చింది డీజిల్ షెడ్డు మావయ్య.

"ఏటి, ఎత్తుకోలేదా?"

"లేదు మావయ్యా."

"గాలట్టీసింది." రోగిని ముట్టుకోకుండానే తేల్చేశాడు. "దీని బూస్టరు పంపేదిరా? మా డబ్ల్యూడీఎం-2కి ముందు పంపు మోటారు ఏసి, గేజీలో నాలుగు కిలోలు కనబడితేనే క్రాంకింగు."

"దీనికి మోటారు లేదు మావయ్యా. ట్యాంకు పైనుంది, డీజిలు దానంతటదే దిగుతుంది."

"అంటే కుళాయన్న మాట," అని పెదవి విరిచాడు. పదహారు సిలిండర్ల, 2600 హార్స్‌పవర్ బండి చూసిన మనిషికి ఇది ఇంజనంటే ఒప్పుకోడానికి మనసొప్పలేదు.

ఈలోగా జీఎం లోకోలు నడిపిన బావ దిగాడు. "మా బండికి ఫిల్టరు కాడ గాజు గిన్నె ఉంటాది మావా. ప్రైమింగుకి స్విచ్చి తిప్పి పట్టుకుంటే అందులో బుడగలు పోయి డీజిలు నిండిపోద్ది. అప్పుడు స్టార్టు. మీ ఆల్కోలకి అయ్యన్నీ ఎక్కడివి?" తన డబ్ల్యూడీఎం-2కి పుట్టిల్లయిన ఆల్కోని అలా అనగానే మావయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. అమెరికాలో ఆ రెండు కంపెనీల పోటీ ఎప్పుడో ముగిసింది, ఆల్కో దుకాణమే కట్టేసింది. మా వీధిలో మాత్రం కేసు ఇంకా నడుస్తోంది. టీలు రెండోసారి వచ్చాయి. టిల్లరు వంక చూసినవాళ్ళు లేరు.

కరెంటు లోకో తమ్ముడు "పాంటోగ్రాఫ్ ఎత్తితే అయిపోయేది కదా" అనబోయి, పెద్దల చూపులు చూసి అరుగు దిగిపోయాడు. గార్డు బాబాయి మాత్రం కల్వర్టు మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. 2022 నుంచి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజరు అంటున్నారు గానీ మా వీధికి ఆ సర్క్యులరు అందలేదు.

ఆఖరికి పెదనాన్న గోల్‌బజారు నుంచి మెకానిక్ దాదాని పిలిపించారు. ఆయన సైకిలు దిగి ట్యాంకు కేసి చూసి "హావా ఢుకేఛే" అన్నాడు, గాలి దూరిందని. "నే చెప్పలేదూ!" అని మావయ్యా, "నే చెప్పలేదూ!" అని బావా ఒకరినొకరు చూసుకున్నారు.

దాదా ఫిల్టరు మీది బ్లీడింగు స్క్రూ రెండు చుట్లు వదులు చేశాడు. ముందు చీదినట్టు చప్పుడు. తర్వాత తెల్లటి నురగ. నురగ పోయి బుడగలు, బుడగకీ బుడగకీ మధ్య ఎడం పెరుగుతూ పెరుగుతూ, చివరికి తెగని సన్నటి ధార. స్క్రూ బిగించి పంపు దగ్గరి బోల్టు వదులు చేస్తే అక్కడా అదే తంతు, కానీ మళ్ళీ బిగించాక కూడా డీజిలు కారడం ఆగదు. అప్పటిదాకా వెనక నిలబడ్డ వర్క్‌షాపు ఫిట్టరు తాతయ్య ముందుకొచ్చి ఆ బోల్టు కింది రాగి వాషరు తీసి గోటితో గీరి చూశాడు. మాటా పలుకూ లేకుండా వంటింట్లోకి వెళ్ళి, పాలగిన్నె దింపి, వాషరుని పట్టకారుతో స్టవ్వు మీద ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాడు. ఉక్కుని అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తని వాషరు బోల్టు కింద సర్దుకుని సందు మూసేస్తుంది. "పాలు పొంగకముందే దింపీసేరు, తోడెలా వెయ్యను?" అని పెద్దమ్మ లోపల్నుంచి ఇంకా అంటూనే ఉంది.

తర్వాత నాజిలు దగ్గర నట్టు. పదిహేడో నంబరు స్పానరుతో వదులు చేసి, డీకంప్రెషన్ లీవరు ఎత్తి, హ్యాండిల్ తిప్పమన్నాడు దాదా. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకూడదు, మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి. ఇంజను ఎదురు తన్నిందంటే వేలు మనది కాదు. నట్టు సందులోంచి డీజిలు చివ్వుచివ్వున చిమ్మాక బిగించేశారు. మళ్ళీ తిప్పితే ఈసారి లోపల నాజిలు "కిర్రు, కిర్రు"మంది. తాతయ్య తలూపాడు. లీవరు వదిలారు. నల్లటి పొగ ఒక ముద్ద, రెండు దగ్గులు, ఆ మీదట టకటకటకమని వీధంతా అదిరింది.

నయం చేసిందెవరన్న చర్చ వెంటనే మొదలైంది. మావయ్య తన నాలుగు కిలోలూ, బావ తన గాజు గిన్నే మళ్ళీ బయటికి తీశారు. కరెంటు లోకో తమ్ముడు కూడా ఏదో అన్నాడు గానీ ఇంజను మోతలో వినపడలేదు. తాతయ్య ఎప్పుడు ఇంటికెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు. కుర్రాడు గేరు వేశాడు. గార్డు బాబాయి కల్వర్టు మీంచి లేచి, పంచె దులుపుకుని, వాచీ చూసుకుని మొత్తం పొద్దుటికి ఒకే ఒక్క మాట అన్నాడు.

"పదీ నలభై. రైట్ టైమ్."