పెద్ద బండోడిదే తప్పు

పటేల్‌గూడ దారిలో రెండు బండ్లు రాసుకున్నాయంటే నిమిషంలో కోర్టు కొలువుదీరుతుంది. జడ్జీలు టీకొట్టు ముందు నిలబడ్డవాళ్లే. స్కూటీ, కారు గుద్దుకుంటే తప్పు కారుది. కారు, టిప్పర్ గుద్దుకుంటే టిప్పర్‌ది. కాకపోతే తీర్పు వినడానికి టిప్పర్ ఉండదు, అప్పటికే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేసి ఉంటుంది. కాబట్టి తప్పు మళ్లీ కారుదే.

"గింత దానికి ఠాణా ఎందుకు సారూ, ఐదు వేలిచ్చి పొండ్రి" అంటాడో పెద్దమనిషి. స్కూటీ పిల్లాడి ఫోన్ పగిలింది గనక చెల్లింపు టీకొట్టు స్కానర్ మీదే. రెండు చాయ్‌ల బాకీ కూడా అందులోంచే కోత.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడ్డవాడికి వైద్యం అందేలా డ్రైవరే చూడాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. జనం ఆగ్రహంతో మీద పడుతుంటే మాత్రం మొదటి పనికి మినహాయింపు. 1988లో ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకు మన టీకొట్టు సంగతి ఎలా తెలిసిందో!

ఇక ఠాణా మెట్లెక్కితే, దెబ్బ ఎక్కడ తగిలిందని కాదు, బండి ఎక్కడ తగిలిందని అడుగుతారు. ఠాణా హద్దైన కల్వర్టుకు ఇవతలా, అవతలా? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కల్వర్టును పట్టించుకోదు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. ఫిర్యాదుదారుకు కాపీ ఉచితం. ఉచితమే, ప్రింటర్లో ఇంకు ఉంటే. లేకుంటే వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో అక్కడ పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది.

2022 ఏప్రిల్ నుంచి పోలీసులు 48 గంటల్లో ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలి. బాధితుడు ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. ఇన్ని గడువులున్నా పని కదిలేది ఠాణాలో కాగితం పడ్డాకే. ఐదు వేలు పుచ్చుకున్న స్కూటీ పిల్లాడికి నెల తర్వాత మోకాలు వాచింది. స్కాన్‌లో లిగమెంట్ తెగిందని తేలింది. క్లెయిమ్ వేయబోతే ఎఫ్ఐఆర్ ఏదన్నారు, సాక్షి ఎవరన్నారు. పిల్లాడు కుంటుకుంటూ టీకొట్టుకొచ్చాడు.

"సాక్ష్యమా? ఆ దినం నేను సంగారెడ్డిల ఉన్న బిడ్డా."

"నాకు సోడా తాపింది మీరే గదా పెద్దయ్యా?"

"అదే చెప్తున్న. సాయం జేసినోళ్ల పేరు అడగొద్దని చట్టమున్నది."