ఉప్పుమూట పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

పప్పు పొయ్యి మీదఁ బట్టు విడువదాయె
గిన్నె తుడువఁ దెల్ల గీత దేలె
జుట్టు రాలె నంచుఁ జుట్టాలు గొణుగంగ
నుప్పు మూట మోసె నుస్సురనుచు

అవతారిక. ఈ పద్యం అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్‌ని ఆనుకుని ఉన్న చాండ్లర్‌లో, ఒక తెలుగువారి ఫ్రిజ్ తలుపు మీద దొరికింది. తాళపత్రం కాదు, కిరాణా చీటీ వెనక వైపు. కవి పేరు లేదు. అమలాపురం నుంచి అత్తగారు వచ్చి ఉన్న వేసవిలో అల్లుడు రాసినదని అంతస్సాక్ష్యం చెబుతోంది. చలికాలంలో రావలసిన ఆవిడ వేసవిలో ఎందుకు వచ్చిందన్నది ఈ వ్యాఖ్య పరిధిలోకి రాదు. ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు. అక్కడ ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళే వస్తాయి. అలాంటి ఊళ్ళో కవిత్వం నీళ్ళ మీద పుట్టడంలో వింత లేదు.

ప్రతిపదార్థం. పప్పు = కందిపప్పు (పెసరపప్పయితే ఇంత శోకం ఉండదు); పొయ్యి మీదన్ = కుక్కర్‌లో అని గ్రహించాలి; పట్టు విడువదాయె = అయిదు కూతల తరవాత కూడా బద్ద బద్దగానే ఉంది; గిన్నె = స్టీలు గ్లాసు మొదలు స్నానాలగది గాజు తలుపు దాకా సమస్తానికీ ఉపలక్షణం; జుట్టాలు = చుట్టాలు. ‘అంచున్’ అన్న ద్రుతం వల్ల చకారం జకారమైంది. గౌరవ బహువచనం, వ్యక్తి ఒక్కరే. ఉప్పుమూట = 40 పౌన్ల బస్తా, మన లెక్కలో సుమారు 18 కిలోలు; ఉస్సురనుచు = ఉస్సురంటూ.

శంక. పప్పు ఉడక్కపోతే పాత పప్పు అనాలి గాని నీళ్ళనెందుకు అనడం? సమాధానం. కందిబద్దలో కణాలని ఒకదానికొకటి అతికి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడికి అది కరిగి కణాలు విడిపోతేనే పప్పు మెదుగుతుంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది పెక్టిన్‌ని బిగబట్టి కరగనివ్వదు. ఇక్కడ ‘పట్టు’ అన్న మాట పాదపూరణ కోసం పడిందనుకునేవారు రసాయనశాస్త్రం చదవనివారు. అత్తగారూ చదవలేదు. అయినా రెండో రోజుకే చిటికెడు వంటసోడా వేసి ఉడికించింది, ఉడికింది. క్షారం తగిలితే పెక్టిన్ లొంగుతుంది. ‘గోదావరి కాలవ నీళ్ళకి ఇవన్నీ ఎందుకు బాబూ’ అని ఆవిడ అన్న మాటని కవి పద్యంలోకి ఎక్కించలేదు. అల్లుడి సంయమనం మెచ్చుకోదగ్గది.

‘తెల్ల గీత’. ఈ పద్యానికి ప్రాణం ఈ రెండు మాటలు. కడిగి బోర్లించిన స్టీలు గ్లాసు కాసేపటికి తిప్పి చూస్తే అంచు చుట్టూ సుద్దతో గీసినట్టు వలయం. గోటితో గీకితే పొడి రాలుతుంది, తడి గుడ్డతో తుడిస్తే మాయమవుతుంది, ఆరగానే మళ్ళీ ప్రత్యక్షం. ‘తుడువఁ దెల్ల గీత దేలె’ అనడంలో విరోధాభాసం: తుడిస్తే పోవలసినది తుడిచాకే తేలుతోంది. జూన్ మధ్యాహ్నాల్లో గాలిలో తేమ పది శాతం దగ్గరికి దిగే ఊళ్ళో చుక్క నీరు చూస్తుండగానే ఆవిరవుతుంది. పోయేది నీరు, మిగిలేది ఖనిజం.

ఆ ఖనిజం ఎక్కడిది? ఆ ఊరికి నీళ్ళిచ్చే కొలరాడో నది రాకీ పర్వతాల మంచు కరిగి పుట్టేటప్పుడు మెత్తని నీరే. దిగువకి వస్తూ సున్నపురాయినీ జిప్సాన్నీ పాత సముద్రాల అడుగు మట్టినీ కరిగించుకుంటుంది. పవెల్, మీడ్ జలాశయాల్లో ఎండ పడి నీరు తగ్గి సాంద్రత పెరుగుతుంది. హవాసు సరస్సు దగ్గర పంపులు దాన్ని ఎత్తి 336 మైళ్ళ కాలవలోకి తోస్తాయి. 1973లో తవ్వడం మొదలెట్టి, టూసాన్ దాకా 1993 నాటికి పూర్తి చేసిన కాలవ అది. దారిలో నీళ్ళని దాదాపు 2,900 అడుగులు పైకెక్కించాలి. గ్లాసు అంచున గ్రాండ్ కాన్యన్ రాయి ఆరుతోందంటే అతిశయోక్తి అనుకుంటారు, స్వభావోక్తే. ఆ ఊరి నీళ్ళకి రెండో ఆధారం సాల్ట్ నది. పేరులోనే ఉప్పు పెట్టుకుని ప్రవహించే నది పక్కన కాపురముంటూ అల్లుడు బజారునించి ఉప్పు కొని మోసుకొస్తున్నాడు. కవి ఈ చమత్కారాన్ని ఎందుకు వదిలేశాడో తెలియదు. బహుశా గణాలు కుదిరి ఉండవు.

ఇంకో సంగతి. ఉప్పూ పంచదారా వేడి నీళ్ళలో బాగా కరుగుతాయి. ఈ సున్నం ఆ జాతి కాదు. నీరు కాగితే బైకార్బొనేటు విరిగి కార్బొనేటై అడుగున కూర్చుంటుంది. అందుకే అన్నిటికంటే ముందు దెబ్బ తినేది వాటర్ హీటర్. అడుగున పేరుకున్న పెళుసు పొర కింద నీరు ఉడికి టపటపమంటుంది. అత్తగారు మొదటి రాత్రి ఆ చప్పుడుకి లేచి దొంగలనుకుందట. దీనికి విరుగుడు వెనిగర్. కుళాయి మూతి జల్లెడ విప్పి, రాత్రి వెనిగర్‌లో పడేస్తే బుడగలు వచ్చి తెల్లారేసరికి శుభ్రపడుతుంది. కంచు, ఇత్తడి చింతపండుతో తోమిన ఇల్లాలికి ఇది కొత్త విద్య కాదు.

కొలమానం. ఫీనిక్స్ కుళాయి నీళ్ళ కాఠిన్యం లీటరుకి ఇంచుమించు 160 నుంచి 290 మిల్లీగ్రాములు. 180 దాటితే అమెరికా భూగర్భ సర్వే దాన్ని చాలా కఠిన జలం అంటుంది. మన భారతీయ ప్రమాణం 10500 (2012) ప్రకారం 200 దాకా మేలు, వేరే ఆధారం లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ‘వేరే ఆధారం లేకపోతే’ అన్నది హైదరాబాదు శివార్లలో బోరు నీళ్ళతో కాపురం చేసినవారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఒంటికి ఈ నీళ్ళు చేటని కాదు. చేటంతా సామానుకీ మనశ్శాంతికీ.

జుట్టు రాలడం గురించి ఎక్కువ రాయను. సబ్బు కాల్షియంతో కలిసి జిగట తెట్టుగా మారుతుంది, నురగ రాదు, వెంట్రుక గరుకెక్కి చిక్కుపడి తెగుతుంది. తెగడం వేరు, కుదుళ్ళతో రాలడం వేరు. ఈ భేదం అత్తగారికి చెప్పగల ధైర్యశాలి ఆ ఇంట్లో లేడు.

అన్వయం. నాలుగో పాదంలో కర్త లేడు. ఎవరు మోశారు? ‘ఉస్సురు’ని బట్టి అల్లుడనే నిర్ణయించాలి. ఎందుకు మోశాడు? ఇది ఇంకా గూఢం. పప్పు ఉడకలేదు, గీతలు పడ్డాయి, జుట్టు తెగింది. ఈ మూడింటికీ కారణం గరాజ్‌లో నీళ్ళని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ తొట్టిలో ఉప్పు అయిపోవడం. ఆ సంగతి పద్యంలో ఎక్కడా లేదు. అంటే ఇది ధ్వనికావ్యం. అల్లుడి నిర్లక్ష్యం వ్యంగ్యం, అత్తగారి గొణుగుడు వాచ్యం.

సాఫ్ట్‌నర్ పని కుండమార్పిడి సంబంధం లాంటిది, కాకపోతే లెక్క సమం కాదు. పీపాలోని రెజిన్ పూసలు సోడియాన్ని పట్టుకుని ఉంటాయి. నీళ్ళు వచ్చినప్పుడు ఒక్కో కాల్షియాన్ని ఉంచుకుని రెండేసి సోడియాలని పంపిస్తాయి. పూసలు నిండిపోయాక, ఇంట్లో అందరూ నిద్రపోయే రెండింటి వేళ, గాఢమైన ఉప్పునీరు వాటి మీద పారి కాల్షియాన్ని మురుగులోకి తోసేస్తుంది. మెత్తబడిన నీళ్ళు ఒంటికి, బట్టలకి. కరివేపాకు కుండీకి మాత్రం పెరటి కుళాయి కఠిన జలమే, సోడియం మొక్కలకి పడదు కనక. అది సున్నం తాగి ఆకులు పసుపెక్కించుకుంటుంది.

పూర్వపక్షం. ఇంత ఉప్పూ మురుగులో పడితే ఎక్కడికి పోతుంది? మామూలు శుద్ధి కేంద్రాలు దాన్ని తీయలేవు. శుద్ధి చేసిన ఆ నీళ్ళే పచ్చికలకీ, పాలో వెర్డే అణువిద్యుత్ కేంద్రాన్ని చల్లబరచడానికీ వెళతాయి. ఎడారిలో నీటి చుక్కకి పునర్జన్మ తప్పదు, దానితోబాటు ఉప్పుకీ. కాలిఫోర్నియాలో శాంటా క్లారిటా లోయవారు 2008లో ఓటేసి మరీ ఇలాంటి ఉప్పు సాఫ్ట్‌నర్లని తీయించేశారు. దీనికి సిద్ధాంతపక్షం చెప్పడం నా వల్ల కాదు.

పాఠాంతరం. ‘మోసె’ అన్న చోట ‘మోయు’ అని కొందరు చదువుతారు. గణం చెడదు, యతీ చెడదు. ‘మోసె’ భూతకాలం, ఒకసారి మోసి ఊరుకున్నాడని అర్థం. ‘మోయు’ తద్ధర్మం: అది వాడి నిత్యకృత్యం. గరాజ్‌లో ఆ తొట్టి మూత ఎత్తి చూసినవారెవరూ మొదటి పాఠాన్ని ఒప్పుకోరు.