చదువుకు పార్టీ లేదంట!

మన తిరుపతిలో ఏ కాలేజీ వార్షికోత్సవానికి పోయినా ముఖ్య అతిథి నోట ఒక మాట తప్పకుండా వస్తుంది: "చదువును రాజకీయాలకు అతీతంగా చూడాలి." మాట పూర్తయ్యీ కాకముందే చప్పట్లు. ఆయనకు శాలువా కప్పే పెద్దమనిషే పోయిన ప్రభుత్వంలో అవతలి పార్టీ అతిథికీ కప్పాడు. శాలువా రాజకీయాలకు అతీతమే, అనుమానం లేదు. తేలాల్సింది చదువు సంగతి.

మా వీధి చివరింట్లో ఒక బీరువా ఉంది. ఈ రాష్ట్ర చరిత్ర రాయాలనుకునేవాళ్లు లైబ్రరీలు తిరగనక్కర్లేదు, దాని కింది అర తెరిస్తే చాలు. అడుగున జగనన్న విద్యాకానుక బ్యాగు. దాని మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర బ్యాగు. ఆ రెంటి మధ్య 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబు. అందులో పాఠాలు బైజూస్‌వి. రెండేళ్లు తిరక్కముందే ఆ కంపెనీ దివాలా కేసులో ఇరుక్కుంది. ఇక బళ్లో తిన్న అన్నం నిన్న గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనం. ఆ ఇంటి తల్లిని కదిపితే, "పేరేదైతే ఏం నా, బిడ్డ కడుపు నిండుతా ఉంది కదా" అంటుంది. నిజమే. పేరు మార్చినా కోడిగుడ్డు మాత్రం ఏ గుర్తు ఆకారంలోకీ మారలేదు.

అమ్మఒడి మొదలైంది మన చిత్తూరులోనే, 2020 జనవరి 9న. ఏడాదికి 15,000 రూపాయలు, తల్లికి ఒక్క బిడ్డ లెక్కన. 2025 జూన్‌కి అదే 15,000 'తల్లికి వందనం' అయింది, ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ. మంచిదే, కాదనం. కానీ బడి నిర్వహణ పేరుతో అందులోంచి 2,000 పట్టుకోవడం దగ్గర మాత్రం ఆ ప్రభుత్వానికీ ఈ ప్రభుత్వానికీ ఎక్కడలేని ఏకాభిప్రాయం. రాజకీయాలకు అతీతమైన విద్య అంటే బహుశా ఆ రెండు వేలేనేమో!

పై చదువుల వైపు చూద్దాం. 2022 మొదట్లో ఎస్వీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్‌కు చేరిన బిడ్డ చేరింది ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద. ఆ ఏడాదే అసెంబ్లీ పేరు మార్చి వైఎస్సార్ అంది. 2024లో ప్రభుత్వం మారింది, ఎన్టీఆర్ తిరిగొచ్చారు. ఈ ఐదున్నరేళ్ల కోర్సులో మనిషి గుండెకు గదులు నాలుగే ఉన్నాయి, ఒంట్లో ఎముకల లెక్క మారలేదు. మారిందల్లా మార్కుల జాబితా నెత్తిమీది పేరు. రేపు ఆ డాక్టరు ఇంటర్వ్యూకి పోతే ముందు చెప్పుకోవాల్సింది రోగి చరిత్ర కాదు, తన విశ్వవిద్యాలయం చరిత్ర. అదే 2024లో, ఎన్నికల ఫలితాలు రాగానే, చాలామంది ఉపకులపతులు వరసబెట్టి రాజీనామాలిచ్చారు. అతీతమైన పదవులు కదా, గాలి మారితే ముందు వాటికే జలుబు.

ఫీజుల కథ ఇంకా రంజుగా ఉంటుంది. ఒక ప్రభుత్వం ఫీజు డబ్బు తల్లి ఖాతాలో వేస్తానంది, తర్వాతిది కాలేజీ ఖాతాలో వేస్తానంది. ఖాతాలు మారుతుంటాయి, బకాయి మాత్రం ఎప్పుడూ విద్యార్థి ఖాతాలోనే. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చి, ప్రైవేటు కాలేజీలో పీజీ చదివేవాళ్లకు ఈ సాయం లేదంది. డిగ్రీలో కెమిస్ట్రీ ఇష్టమని చేరిన పేదింటి పిల్లకు, ఆ ఇష్టానికి జీవో అనుమతి కూడా కావాలని అప్పుడే తెలిసింది.

పోనీ, టీచరు ఉద్యోగానికి చదువుదామా? 2018 తర్వాత పెద్ద డీఎస్సీ కోసం బీఈడీ పిల్లలు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. 2024 ఫిబ్రవరిలో, ఎన్నికలు ముంగిట్లో ఉండగా, 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రభుత్వం మారింది, అది రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో ఇంకోటి వచ్చింది. పోస్టులు పెరిగాయి, సంతోషం. వాటితోపాటు అభ్యర్థుల వయసూ పెరిగింది. దానికి మాత్రం ఏ ప్రభుత్వమూ ఘనత చెప్పుకోలేదు.

ఇవన్నీ చూసి చూసి మావాళ్లు కోర్సులు ఎంచుకునే శాస్త్రం ఒకటి తయారు చేసుకున్నారు. చరిత్ర వద్దు, పేర్లు మారతాయి. బీఈడీ వద్దు, నోటిఫికేషన్లు మారతాయి. పీజీ వద్దు, జీవోలు మారతాయి. కంప్యూటర్ సైన్సే ముద్దు, దానికి రంగు లేదు. కాలేజీ కూడా సరిహద్దు దాటితే మేలు. చిత్తూరు నుంచి రాయవేలూరు గంట దారి, ఆ పక్క చెన్నై, ఈ పక్క బెంగళూరు. పిల్లోడికి ఏమిష్టమో అడిగారా అంటే, "ఇష్టం ఏముందిలే నా, ఎలక్షన్ వచ్చినా కదలకుండా ఉండేది ఏదో చెప్పు" అంటారు. మన దగ్గర పిల్లల అభిరుచి పరీక్ష అంటే ఇదే.

ఇంకాస్త డబ్బున్నవాళ్లు 'స్థిరమైన దేశం' వెతుక్కుంటారు. అలా ఉక్రెయిన్ పోయిన మన తెలుగు పిల్లలు 2022 ఫిబ్రవరిలో నేలమాళిగల్లో దాక్కున్నారు. బిష్కెక్‌లో చదివేవాళ్లు 2024 మేలో అల్లరి మూకలకు భయపడి గదుల్లో గడియలు పెట్టుకున్నారు. అమెరికా అన్నిటికన్నా గట్టిదనుకుంటే, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడా ప్రభుత్వం మారింది మరి! మన జీవో అయితే కోర్టుకన్నా పోవచ్చు, అక్కడి జీవోకు ఇక్కడి తల్లిదండ్రులు చేయగలిగింది మొక్కుకోవడమే. అందుకేనేమో అలిపిరి మెట్ల మీద వీసా మొక్కుల వాళ్లు కనిపిస్తుంటారు.

ప్రభుత్వం మారితే విధానం మారకూడదా అని అడగొచ్చు. మారొచ్చు. తప్పు విధానాన్ని మోసుకు తిరగమని ఎవరూ అనరు. కానీ పందెం మధ్యలో గీత జరపకూడదు. ఒక బిడ్డ ఏ నియమం నమ్మి చేరిందో ఆ నియమంతోనే ఆ బిడ్డను బయటికి పంపండి. కొత్త ముచ్చట్లన్నీ కొత్తగా చేరేవాళ్లతో మొదలుపెట్టండి. అతీతం అంటే ఇంతే. దీనికి వేదికా వద్దు, శాలువా వద్దు.

ఆ బీరువా ఇంటి పిల్లది 2024 జూన్‌లో పదో తరగతికొచ్చింది. వాళ్ల బడి, సీబీఎస్‌ఈకి మార్చిన వెయ్యి ప్రభుత్వ బడుల్లో ఒకటి. ఎన్నికల ఫలితాలొచ్చి అప్పటికి పది రోజులైనట్టుంది. పుస్తకాలకు అట్టలేస్తూ కూర్చుంది. ఈ పేపరు వేస్తే ఆ పార్టీ, ఆ పేపరు వేస్తే ఈ పార్టీ. కడకు దేవస్థానం వాళ్ల పెద్ద క్యాలెండరు పట్టుకొచ్చింది. స్వామి బొమ్మ లోపలికి, తెల్లవైపు పైకి.

"స్వామైతే మారడు కదా" అన్నాను.

"స్వామి మారడు పెద్దనాన్నా, బోర్డు మారుతుంది" అంది.

తిరుమల బోర్డు గురించి అనుకుని నవ్వేశాను. ఏడాది మధ్యలో తెలిసింది ఆ మాట లోతు. పిల్లలింకా సిద్ధంగా లేరని, ఈసారి రాష్ట్ర బోర్డు పరీక్షే రాయాలని ప్రభుత్వం తేల్చింది. సీబీఎస్‌ఈలోకి తోసినవాళ్లకూ కారణాలున్నాయి, లాగినవాళ్లకూ ఉన్నాయి. పిల్లదానికి ఉన్నది మాత్రం ఒక్క పదో తరగతి.

మొన్న మళ్లీ ఆ ఇంటికి పోతే తమ్ముడి పుస్తకాలకు అట్టలేస్తా ఉంది. వాడు కొత్త పెన్ను మూత తీసి, తెల్లటి అట్ట మీద పేరు రాశాడు, తరగతి రాశాడు, మూడో గీత దగ్గరికొచ్చాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"బోర్డు పేరు పెన్సిల్‌తో రాయరా."