ఐసుకు బదులు ఉత్సాహము

లోకములో అమ్ముడుపోవు సరకులలో తూనికకు లొంగనిదియు, చెడిపోయినను వాసన వేయనిదియు, కొన్నవాడు మోసపోయినచో తప్పు వానిదే యని ముందుగానే తీర్పు వ్రాసిపెట్టబడినదియు నొక్కటి కలదు. దాని పేరు ఉత్సాహము. దానిని విక్రయించువారు పట్టణములలో కల్యాణమండపములు చాలక ఇప్పుడు సెల్‌ఫోను ద్వారా పల్లెలకును దయచేయుచున్నారు. నెల్లూరు జిల్లా బోగోలు మండలములోని జువ్వలదిన్నె ఒడ్డున వల బాగుచేసికొనుచున్న కుర్రవాని ఫోనులో, సూటు తొడిగిన యొక మహానుభావుడు “నీ విజయమునకు అడ్డు నీవే” యని ఉద్ఘోషించుచుండగా, ఆ కుర్రవాడు తెగిన కన్నులను ఒక్కొక్కటిగా ముడివేయుచు ఓపికతో వినుచుండును. వల తెగుటకు కారణము తాను కాదనియు, రాత్రివేళ ఒడ్డుకు చేరువగా దూసుకువచ్చిన తమిళనాటి సోనాబోటను పెద్ద మరబోటనియు వానికి తెలియును. తీరమునుండి ఎనిమిది కిలోమీటర్ల మేర చిన్న బోట్లదేనని 1994 నాటి చట్టము చెప్పుననియు వాడు విన్నాడు. ఈ రెండును తెలియనివాడు ఉపన్యాసకుడొక్కడే.

ఈ విక్రేతల శాస్త్రమునకు ఆదిసూత్రము బ్రాహ్మీముహూర్తమున నిద్ర లేచుట. కోటీశ్వరులందరు నాలుగు గంటలకే లేతురనియు, చిన్న వ్యాపారి ఎండ ముఖముమీద పడువరకు ముసుగుదన్ని పడుకొనుటచేతనే చిన్నవాడుగా నిలిచిపోవుచున్నాడనియు వారి సిద్ధాంతము. రెండు గంటలకే బోటును నీటిలోనికి త్రోయు పట్టపుపాళెపు జాలరులకు ఈ ఉపదేశమా! వేకువజాగరణమే ఐశ్వర్యకారణమైనచో ఈ తీరమంతయు ఈపాటికి బంజారాహిల్సు కావలసినది. రెండవ సూత్రము నష్టభయమును విడనాడుట. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అలను చూచినవారు ఈ కోస్తాపల్లెలలో ఇంకను ఎందరో యున్నారు, బోటును వలయును పోగొట్టుకొని మరల సముద్రమునకు పోయిన వారిని, “ఆ ధైర్యమెట్లు వచ్చినది?” యని అడిగినచో, “అప్పున్నది గదయ్యా” యందురు. ఆ సమాధానమునకు టిక్కెట్టు పెట్టుట కష్టము గనుక దానిని ఎవరును ఉపన్యాసములలో చేర్చరు.

శాస్త్రము ఒడ్డున ఎంతసేపు నిలుచునో చూడగోరువారు, వేలములో చేపలు పాడుకొని గంపతో బయలుదేరు నాయమ్మ వెంట ఒక పూట నడచిన చాలును. ఆమె పెట్టుబడి నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చినది. ఐసు కొట్టించి, చేపలపై పరచి, గోనెపట్టా కప్పి, ఆటోలో బిట్రగుంటకో కావలికో చేరునప్పటికి ఎండ ఎక్కును. కొనవచ్చిన ఇల్లాలు మొదట ధర యడుగదు. వ్రేలితో మొప్ప ఎత్తి చూచును. ఎఱ్ఱగా నున్నచో బేరము, నల్లబడినచో సగము ధరకు బేరము. మధ్యాహ్నము దాటిన పిమ్మట గంపలో మిగిలినవి ఉప్పులోనికి పోవును. ఎండుచేపయై వారమునకుగాని డబ్బు చేతికి రాదు, వడ్డీయో వారము ఆగదు. ఈ వ్యాపారమునకు ప్రాణము ఐసు. ఆత్మవిశ్వాసము ఎంత గడ్డకట్టినను చేపపై పెట్టుటకు పనికిరాదు. “సానుకూలముగా ఆలోచింపుమమ్మా” యని చెప్పినచో ఆమె ఆలోచించును, గంపలోని కానాగంత చేప ఆలోచింపదు.

ముద్రా ఋణముండగా వడ్డీవ్యాపారి యేల యని పట్టణపు విజ్ఞులు ప్రశ్నింతురు. 2015 ఏప్రిలులో ఆరంభమైన ఆ పథకము క్రింద శిశు విభాగమున హామీ లేకుండ 50,000 రూపాయల వరకు ఇత్తురనుట నిజమే. కాని వడ్డీవ్యాపారి తెల్లవారకముందే ఒడ్డున నిలిచియుండును, బ్యాంకు పది గంటలకు తలుపు తెరచును. నాలుగింటికి లేచు అలవాటు ఎవరికైనను నేర్పదలచినచో ముందు ఆ బ్యాంకుకు నేర్పవలెను.

ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరబోట్లకు వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే ఆ కట్టడి న్యాయమైనదే. వేటకు పోవు కుటుంబమునకు ప్రభుత్వమిచ్చు భృతి 2025లో పదివేల నుండి ఇరువదివేలకు పెరిగినది, సంతోషము. అయితే ఐసు కొట్టువాడు, టీబంకువాడు, ఇంజను మెకానిక్కు, చిల్లరకొట్టువాడు, వీరెవ్వరును వేటకు పోరు గనుక ఏ జాబితాలోను లేరు. వీరిలో చిల్లరకొట్టువాని స్థితి మరియు విచిత్రమైనది. పాళెమునకు ఆదాయము లేని రెండు నెలలును వాడే బియ్యము, నూనె అప్పిచ్చి పుస్తకములో వ్రాసికొనును. “అప్పు రేపు” అను పలక గోడకు వ్రేలాడుచునే యుండును. దాని క్రిందనే నిలిచి అందరును అప్పు తీసికొందురు, వాడును ఇచ్చును, ఏలయన వేట మొదలైనప్పుడు బోణీ చేయవలసినది వారే. వీనికి “ప్రేరణ” కలిగించుటకై ఎవడో దూరమునుండి రావలెనట!

రొయ్యల గుంటల కథ ఇంకను ఘాటైనది. 1994-95 ప్రాంతములో తెల్లమచ్చ తెగులు నెల్లూరు తీరపు గుంటలను తుడిచిపెట్టినది. అంతకుముందు ఆ రైతులకు ఉత్సాహము కొఱతపడినదని ఎవ్వరును అనజాలరు. నిజమునకు అది కాస్త ఎక్కువైనందుననే వరిచేలు గుంటలైనవి. వైరసు వారి ఆత్మబలమును పరీక్షింప వచ్చినది కాదు. తరువాత వనామీ రొయ్య వచ్చినది, గుంటలు నిండినవి, 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినది. అక్కడ సంతకము పడగా ఇక్కడ గుంటగట్టున రొయ్య ధర పడినది. ఇదే తర్కముతో, ఆవిరియింజనుల కాలమున వందల కుటుంబములకు అన్నము పెట్టిన బిట్రగుంట లోకోషెడ్డు మూతబడినప్పుడు ఆ చుట్టుప్రక్కల హోటళ్ళవారు తమ మనస్తత్వమును మార్చుకొనక చెడిరని చెప్పుటకును ఇప్పుడు ఎవరైనను బయలుదేరవచ్చును.

ఉత్సాహము నమ్ము ఈ విద్య మనది కాదు. 1859లో శామ్యూల్ స్మైల్స్ ఆంగ్లేయులకు స్వయంసహాయమును బోధించెను. 1937లో, అమెరికా ఆర్థికమాంద్యమునుండి ఇంకను తేరుకొనని దినములలో, నెపోలియన్ హిల్ తలపు మార్చుకొన్నచో ధనవంతులగుదురని గ్రంథము వ్రాసెను. పని దొరకని జనమునకు పని చూపుటకన్న పుస్తకము చూపుట చౌక. నాటినుండి నేటివరకు ఈ సరకునకు గిరాకి మార్కెట్టు చెడినప్పుడే హెచ్చుట గమనింపదగినది.

ప్రభుత్వమునకు మాత్రము ఈ సిద్ధాంతముపై నమ్మకము లేదు, అది దాని విజ్ఞత. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరునకు 2020 నవంబరు 21న శంకుస్థాపన చేసి సుమారు 289 కోట్ల రూపాయల అంచనా వేసినారు. గుండెధైర్యమే చాలినచో అలలకు అడ్డుగా అన్ని రాళ్ళేల?

నిలకడ యెచ్చటనుండి వచ్చునో తెలిసికొనదలచినవారికి ఈ జిల్లాలోనే దృష్టాంతమున్నది. దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమము 1993 అక్టోబరునాటికి రాష్ట్రమంతట సారాను నిషేధింపజేసినది. దాని వెన్నంటి నెల్లూరు స్త్రీలు దినమునకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి సంఘములు పెట్టుకొన్నారు. ఆ రూపాయిని కట్టించినది ఏ మహావాక్యమును కాదు. కట్టనిచో ప్రక్కయింటి యామె, “ఏమమ్మా, ఈ వారము నీది రాలేదే?” యని అడుగును. కట్టినచో అవసరమునకు అప్పు దొరకును. తలపాగా చుట్టిన సారా కంట్రాక్టరును ఎదిరించిన యా స్త్రీలను కూర్చుండబెట్టి ఇప్పుడు “మీలోని శక్తిని మేల్కొల్పుడు” అని పాఠము చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో! ఆ ధైర్యము మాత్రము ఉపన్యాసకులయొద్ద పుష్కలముగా నున్నదని ఒప్పుకొనవలెను.

కావున ఉత్సాహవిక్రేతలకు మనవి: జువ్వలదిన్నెకు రాదలచినచో వేటనిషేధము నడుచుచున్న మే నెలలో రండి; చిల్లరకొట్టువాని అప్పు పుస్తకమును ఒకమారు తిరుగవేసి, పిమ్మట మీ చిత్తము వచ్చినట్లు ప్రసంగింపుడు. వేట మొదలైన పిదప వచ్చినచో ప్రసంగము వలదు. చేపలు కొనుడు, బేరమాడక, నగదిచ్చి కొనుడు.